అలిగిన బతుకమ్మ నాటి పిందెలు

వనజకు ఒక జబ్బుంది. కంపెనీల నడుమ ఉండే మనిషి గనుక ఏ దగ్గో ఆయాసమో అనుకునేరు, అది కాదు. కంటికి ఆనిన ప్రతిదీ అలా ఎందుకుందో తెలిసేదాకా ఆమెకు అన్నం సయించదు. పాశమైలారంలో మాత్రల కంపెనీ ప్యాకింగ్ లైన్ మీద పనిచేసినన్నాళ్ళూ ఇదే గోల. ఈ గోళీ ఏ రోగానికి, దీనికి గులాబి రంగెందుకు, దానికి నడుమ గీతెందుకు అని పక్కవాళ్ళను అడుగుతూనే ఉండేది. సూపర్‌వైజర్ లక్ష్మీప్రసన్న మంచి మనిషే కానీ లైను ఆగితే మాట పడేది ఆమె. "కందకు లేని దురద కత్తిపీటకెందుకు వనజా? నువ్వు డబ్బాలు మూయి, రోగాల సంగతి డాక్టర్లు చూసుకుంటరు" అనేది. వనజ మూసేది. మూసిన డబ్బా మీద రాసింది మళ్ళీ చదివేది.

అలాంటి మనిషి ఒక చలికాలం హత్నూర మండలంలోని పుట్టింటికి వెళ్ళి అన్న పొద్దుతిరుగుడు చేనులో తేనెటీగల పెట్టెలు చూసింది. ఎవరో బయటి ఊరాయన చేను గట్టున వరసగా పెట్టిపోయాడు. పువ్వు మీద ఈగ వాలితేనే గింజ నిండుతుందని, అందుకే పెట్టించానని అన్న చెప్పాడు. చెప్పి తన పనికి తాను పోయాడు. వనజ మాత్రం ఆ గట్టు మీదే కూలబడింది. ఇన్ని వేల ఈగలకు ఎవరి పెట్టె ఏదో ఎలా తెలుస్తుంది? ఒకటి వచ్చి గిరగిరా తిరిగితే మిగతావి ఎటు పోవాలో ఎలా అర్థమవుతుంది? రెండు రోజుల సెలవు మీద వెళ్ళిన మనిషి వారం దాకా తిరిగి రాలేదు.

ఆ తర్వాత కథ ఆమె అత్తవారి ఊరు చిట్కుల్ అంతా ఎరిగిందే. పెట్టెల ఆయన దగ్గర పని నేర్చుకుంది, కుట్లు తిన్నది, మూతి వాచిపోయి ఇంటికి వస్తే అత్తగారు గుర్తుపట్టలేదు. చివరికి కొలువు మానేసి నాలుగు పెట్టెలు తెచ్చుకుంది. "కంపెనీ ఇడిసిపెట్టి ఈగలు తోలుకుంట కూసున్నది" అని వాడకట్టు ఆడవాళ్ళు నవ్వారు. ఎంత నవ్వినా ఆమెకు కోపం రాలేదు. భర్త సునీల్‌కుమార్ నవ్వలేదు, అదే ఆమెకు కాస్త భయం కలిగించింది. అతనూ కంపెనీలోనే పని, మాట తక్కువ మనిషి.

"దసరా దాకా సూద్దాం" అన్నాడు ఒకనాడు అన్నం ముందు కూర్చుని. "ఇప్పటిదాకా ఊర్ల ఒక్కలన్న నీ పెట్టెలు అడిగిండ్రా? పండుగ దాటినంక కంపెనీల కొత్తోళ్ళను తీసుకుంటరంట. లక్ష్మీప్రసన్న మేడమ్ నిన్ను అడగమన్నది. ఇది నడుస్తలేదంటె మల్ల లైన్ మీదికి పోదువు గని."

అందులో అన్యాయం ఏమీ లేదు. అందుకే ఆమెకు కోపం తెచ్చుకోవడానికి కూడా వీల్లేకపోయింది. సరేనంది. ఆ మూత బిగించే యంత్రం ముందు మళ్ళీ నిలబడటం తలచుకుంటేనే ఆమెకు మెడ పట్టేసినట్టయింది.

అదృష్టమో ఏమో గానీ ఆ వానాకాలమే మొగులయ్య కబురు పెట్టాడు. వనజకు వరసకు పెద్దమామ. చుట్టూ కిరాయి గదులు, ప్లాట్ల రాళ్ళు, లారీల షెడ్లు వచ్చేసినా ఆయన అరెకరం చేను మాత్రం అమ్మకుండా నడుమ మిగుల్చుకున్నాడు. అందులో రెండేళ్ళుగా గుమ్మడి వేస్తున్నాడు. పోయినేడు తీగ పాకింది, పువ్వు పూసింది, పిందె మాత్రం నిలవలేదు. వేలెడంత పెరిగి పసుపుబారి రాలిపోయింది. కంపెనీల గాలికి ఈగ, తుమ్మెద అన్నీ పోయాయని, అందుకే కాయ కాలేదని ఎవరో చెప్పారు.

"నీ పెట్టెలు తెచ్చి పెట్టు" అన్నాడు. "దసరా నాటికి పిందె నిలవడితె నీ ఈగలు మంచియని ఊరందరికి నేనే చెప్త. నిలవకుంటె మల్ల నా గట్టెక్కొద్దు."

మొగులయ్య సంగతి తెలిసిందే. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళంటే మూడే. ఆయన మంచిదంటే ఊరు మంచిదంటుంది, చెడ్డదంటే ఇంకెవరూ తమ చేను దగ్గరికి రానివ్వరు. వనజ పెట్టెలు తెచ్చి, ఆడ పువ్వులు విచ్చడం మొదలైన వారం, చేను తూర్పు గట్టున నీడ చూసి పెట్టింది. ఆడ పువ్వు అంటే కింద బుడిపెలా చిన్న పిందె ఉన్నది. మిగతావి సన్నటి కాడ మీద ఉత్తగా పూసేవి. వాటిని ఊరంతా గొడ్డు పూత అంటారు. వనజా అంతే అనుకుంది. ఆమెకు తేనెటీగలు తెలుసు గానీ గుమ్మడి తెలియదు. పొద్దుతిరుగుడులో ఈ రెండు రకాల గొడవ లేదు.

చేను మొగులయ్యదే అయినా అందులో పెత్తనం ఆయన భార్య ఎంకమ్మది. ఎంకమ్మకు పిల్లలు లేరు. పొద్దున లేస్తే చేనే ఆమె ఇల్లు. బతుకమ్మకు ముందు పిల్లలాడే బొడ్డెమ్మ నాటి నుంచే ఎంకమ్మ చేనుకు ఆడవాళ్ళు బారులు కట్టేవారు. తంగేడు, గునుగు ఎక్కడన్నా దొరుకుతాయి, గుమ్మడి పువ్వు మాత్రం అందరికీ దొరకదు. దాని నడిమి పసుపుపచ్చ కాడను తీసి గౌరమ్మగా పెడితేనే బతుకమ్మకు నిండు. ఊళ్ళో వాళ్ళు, కిరాయి గదుల్లో ఉండే కంపెనీ వాళ్ళ భార్యలు, పోయినేటి నుంచి సరదాగా బతుకమ్మ ఆడటం మొదలుపెట్టిన బీహారు ఆడవాళ్ళు, అందరూ అక్కడికే. బుట్టల్లో నింపి ఇస్నాపూర్ చౌరస్తాలో అమ్ముకునే ముత్యమ్మ కూడా అక్కడికే.

"పిందెలున్నయి ముట్టకుండ్రి. గొడ్డు పూత ఎంతన్న కోసుకపొండ్రి" అనేది ఎంకమ్మ, ఒక్కరికీ లేదనకుండా.

పెళ్ళాం ధర్మం చూసి సణిగే మొగులయ్య కూడా ఈ ఒక్క విషయంలో ఏమీ అనేవాడు కాదు. గొడ్డు పూత తీసేస్తే తీగ బలమంతా పిందెకు పోతుందని ఆయన లెక్క. ఊళ్ళో అందరి లెక్కా అదే.

ఎంగిలిపూల బతుకమ్మతో పండుగ మొదలైంది. చేనులో పిందెలు పసుపుబారడమూ మొదలైంది.

మొదటిరోజు మొగులయ్య ఓపిక పట్టాడు. రెండోనాడు పిందె ఒకటి తెంపి వనజ చేతిలో పెట్టాడు. నొక్కితే మెత్తగా పోయింది.

"ఏంది కోడలా గిది? నీ ఈగలు నా చేనుకు వస్తలెవ్వు. చౌరస్తాల చెరుకు రసం బండి కాడ ఉంటున్నయంట. బీర తోట యాదన్న సూసిండు."

వనజకు పాత జబ్బు తిరగబెట్టింది. నిజమేనా? చెరుకు బండి మీద వాలేవి తన ఈగలేనా? ఈగకు ఈగకు తేడా ఎలా తెలుస్తుంది? ఆ రాత్రి అన్నం సయించలేదు. పొద్దున్నే బియ్యప్పిండి గిన్నె పట్టుకుని పెట్టెల దగ్గరికి వెళ్ళింది. సందులోంచి బయటికి వచ్చిన ఈగ మీదల్లా చిటికెడు పిండి చల్లింది. అటు పోయేవాళ్ళు ఈగలకు ముగ్గు పెడుతున్నదేమిటని ఆగి చూశారు. తర్వాత ఆటో ఎక్కి చౌరస్తాకు పోయి చెరుకు బండి ముందు నిలబడింది. రసం తాగదు, పక్కకు జరగదు. బండి మీద మూగిన ఈగలను వంగి వంగి చూస్తుంటే బండివాడికి ఒళ్ళు మండింది.

"అక్కా, మున్సిపాలిటోళ్ళ మనిషివా ఏంది? రోజు కడుగుతున్న బండి."

"కాదు తమ్మీ. మా ఈగలు వచ్చినయేమో అని సూస్తున్న."

అతను కాస్త దూరం జరిగి నిలబడ్డాడు. ఎంతసేపు చూసినా పిండి అంటిన ఈగ ఒక్కటీ రాలేదు. తిరిగి చేనుకు వచ్చి చూస్తే, పిండి వీపుల ఈగలు గుమ్మడి పువ్వుల్లోకి దూరుతున్నాయి, బయటికి వస్తున్నాయి. పిందె ఉన్న పువ్వుల్లోకే దూరుతున్నాయి. ఆమెకు ఆనందంతో అరవాలనిపించింది. ఈగలు తప్పు చేయడం లేదు. మరి పిందె ఎందుకు రాలుతోంది?

మొగులయ్యకు చెబితే "పువ్వుల దూరితె ఏంది, పిందె నిలవాలె గద" అన్నాడు. మాట కరుకే అయినా తప్పు కాదు.

నీళ్ళు చూసింది. మందు ఏమైనా కొట్టారా అని అడిగింది, లేదన్నారు. పండు ఈగ కుట్టిందేమో అని రాలిన పిందెలు కోసి చూసింది, పురుగు లేదు. చివరికి ఏ నాడు పూసిన పిందె ఎప్పుడు చెడుతున్నదో చూద్దామని దర్జీ దగ్గర దారాలు అడిగి తెచ్చి, రోజూ ఆ నాడు విచ్చిన ఆడ పువ్వుల కాడలకు రోజుకో రంగు కట్టసాగింది. ఎర్రదొకనాడు, ఆకుపచ్చదొకనాడు. దారాలు కట్టేసరికి రోజూ ఎండ వచ్చేది. సునీల్‌కుమార్‌ది ఫస్ట్ షిఫ్టు, అతనికి డబ్బా కట్టి పంపి, నీళ్ళు పట్టి, అప్పుడు చేనుకు రావడం. ఆమె వచ్చేసరికి ఆడవాళ్ళు పూలు కోసుకుని ఎప్పుడో వెళ్ళిపోయేవారు.

ఆరోనాడు అలిగిన బతుకమ్మ. ఆనాడు అమ్మ అలిగిందని బతుకమ్మ పేర్చరు, ఆడరు. రోజూలాగే చేను బోసిగా ఉంటుందనుకుని వచ్చిన వనజకు ఆ పొద్దు పచ్చగా, నిండుగా, ఎటు చూసినా పూలే కనిపించాయి. రాత్రి వాన పడింది కదా, అందుకే కాబోలు అనుకుంది. నీలం దారం కట్టి ఇంటికి పోయింది.

పండుగలో ఆఖరిదైన సద్దుల బతుకమ్మ నాటికి ఆమెకు ఆశ సన్నగిల్లింది. లక్ష్మీప్రసన్న ఫోన్ చేసి "దసరా తెల్లారి పేర్లు ఇవ్వాలె, నీ పేరు రాయమంటవా?" అని అడిగింది. చెప్తానంది వనజ. సద్దులనాడు సునీల్‌కుమార్‌కు సెలవు. ఆమె కూడా గౌరమ్మకు పువ్వు కోసుకోవాలి గనుక ఆ ఒక్కనాడు తెలతెలవారుతుండగానే చేనుకు వెళ్ళింది. ఎంకమ్మ అప్పటికే గట్టు మీద ఉంది.

ఇంకా ఎవరూ రాలేదు. వనజ అలవాటు కొద్దీ దారాల వెంట వంగింది. ఎర్ర దారం పిందె ఎండి వేలాడుతోంది. ఆకుపచ్చది కుళ్ళింది. నిన్నటిది, మొన్నటిది అప్పుడే రంగు తప్పుతున్నాయి. నీలం దారం దగ్గరికి వచ్చి ఆగిపోయింది. పిందె పిడికిలంత అయింది. నిగనిగలాడుతోంది. ఇంకో నీలం దారం వెతికింది. అదీ అంతే. ఆ గట్టు నుంచి ఈ గట్టు దాకా నీలం దారం కట్టినవి దాదాపు అన్నీ నిలిచాయి. మిగతా రంగులన్నీ పోయాయి.

"అత్తమ్మా! ఇటు రా, ఇటు రా జల్దీ!"

ఎంకమ్మ వచ్చి చూసింది. పిందెను ముట్టుకోకుండా రెండు చేతులూ జోడించింది.

"అమ్మ అలిగిననాటివా ఇవి? ఇగ అదే బిడ్డా. అమ్మ దయ."

"దయ సరే అత్తమ్మా. గాని ఆనాడే ఎందుకు?"

"అమ్మను ఎందుకని అడుగుతరా ఎవలన్న?"

అడిగే మనిషి ఎదురుగానే ఉంది. ఆనాడు వేరుగా ఏముంది? ఈగలు అవే. నీళ్ళు అవే. వాన అంటావా, ఆ తర్వాత ఇంకోసారి కూడా పడింది, అయినా ఆ తెల్లారి పూసినవి నిలవలేదు. వనజ తల పట్టుకుని నిలబడి ఉండగానే ఆడవాళ్ళు గుంపుగా దిగారు. అందరికన్నా ముందు రెండు బుట్టలతో ముత్యమ్మ.

"ఎంకమ్మక్కా, ఇయ్యాల రెండు బుట్టలు కావాలె. మొన్న అలిగిననాడు ఒక్క పువ్వు కొయ్యలే ఎవ్వలం, అన్ని వట్టిగ వాడిపాయె" అంటూనే ముత్యమ్మ ఒక ఉత్త పువ్వును పుటుక్కున తెంపింది. నడిమి కాడ ఎలా ఉందో చూడటానికి రేకులు విప్పింది. ఆమె వేళ్ళ నిండా పసుపు రాలింది.

వెతకబోయిన తీగ కాలికి తగలడమంటే అదే. వనజ గబగబా వెళ్ళి ఆ పువ్వు ముత్యమ్మ చేతిలోంచి లాక్కుంది. పసుపు తన బొటనవేలికి రాసుకుని చూసింది. తర్వాత పిందె ఉన్న పువ్వు దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని లోపలికి చూసింది. అందులో ఒక్క నలుసు పసుపు లేదు. తడిగా, జిగటగా, ఏదో పడుతుందని కనిపెట్టుకున్నట్టు ఉంది. ఇన్నాళ్ళూ ఆమె ఈగలు ఈ పువ్వుల్లోకి శుభ్రంగా దూరి శుభ్రంగా బయటికి వచ్చాయి. తెచ్చి వేయడానికి వాటికి పసుపు ఉంటే కదా! ఆ పసుపంతా ఎండెక్కకముందే బుట్టల్లోకెక్కి, బతుకమ్మల మీద కూర్చుని, పాటలు పాడించుకుని, చెరువులో కలిసిపోతోంది.

ఆ క్షణాన ఆమె నోరు ఆగలేదు. కాస్త ఆగి చెప్పి ఉంటే బాగుండేది.

"అత్తమ్మా, ఇయ్యాల ఎవ్వలను పువ్వు కొయ్యనియ్యకు!"

సద్దులనాడు, బుట్టలు పట్టుకుని వచ్చిన ముత్తైదువల ముందు, నోట అనకూడని మాట అది. ముత్యమ్మ బుట్ట కింద పెట్టింది. "గిదేం మాట వనజా? పండుగపూట పువ్వు ఇయ్యొద్దంటవా? నీ పెట్టెలు పని చెయ్యకుంటె మా మీద పడ్తవా?" అంది. ఆడలేక మద్దెల ఓడన్నదట అని వెనక ఎవరో అన్నారు.

ఎంకమ్మ ముఖం నల్లబడింది. ఆమె వనజను కోప్పడటం ఎప్పుడూ ఎవరూ చూడలేదు.

"నా నోటితోని కాదనుమంటవా? నన్నా?"

ఎంకమ్మ కొత్తగా కాపురానికి వచ్చి కొన్నేళ్ళయినా కడుపు పండని రోజుల్లో, ఒక సద్దులనాడు పక్క వాడకట్టులో ఒకామె పెరట్లోకి పువ్వు కోసం పోయింది. ఆ ఇల్లాలు వాకిట్లోనే అడ్డం నిలబడింది. గొడ్డుదాని చెయ్యి తగిలితే చెట్టు పూయదని మొహం మీదే చెప్పి పంపేసింది. ఎంకమ్మ ఆ ఏడు గౌరమ్మ లేని బతుకమ్మనే ఎత్తుకుంది. అప్పుడే తనకు తాను ఒట్టు పెట్టుకుంది. తన చేను ఉన్నన్నాళ్ళూ పువ్వు అడిగిన ఆడదానికి లేదు అనే మాట తన నోట రాకూడదు. ఇది ఊళ్ళో సగంమందికి తెలుసు. వనజకూ తెలుసు. అందుకే తన మాట ఎక్కడ తగిలిందో ఆమెకు అర్థమై కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అయినా చెప్పకుండా ఉండలేకపోయింది.

"కాదనుమనలే అత్తమ్మా, తప్పుగ అన్న. ఒక్కమాట ఇను. ఇది గొడ్డు పూత కాదు. ఇది మగ పువ్వు. దీని పసుపు ఈగ కాళ్ళకు అంటి, గా పిందె పువ్వు మీద పడాలె. పడితెనే కాయ. మొన్న అలిగిననాడు ఎవ్వలు కొయ్యలే, గందుకే ఆనాటివన్ని నిలవడ్డయి. ఇది లేకుంటె ఈ చేన్ల ఒక్క కాయ కాదు. ఈగ వచ్చినా కాదు."

ఎంకమ్మ చెయ్యి చాచింది. వనజ ఆ పువ్వును ఆమె అరచేతిలో పెట్టింది. ఎంకమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పింది, నడిమి కాడను వేలితో తాకింది, వేలు చూసుకుంది. వంగి నీలం దారం పిందె వైపు చూసింది.

"మరి దీన్ని గొడ్డుదని ఎవలన్నరు?" అంది మెల్లగా.

అక్కడున్న అందరూ అన్నవాళ్ళే.

ఎంకమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంది. ఆడవాళ్ళ వైపు తిరిగింది. "నేను కాదంటలేను. అందరికి ఇస్త. గాని జెర కూసోండ్రి. ముందుగల ఈగలను కోసుకోనియ్యుండ్రి, ఎనుక మనం కోసుకుందం."

మొదట ఎవరూ కూర్చోలేదు. పండుగ పనులు బోలెడు, నైవేద్యానికి సత్తులు కలపాలి, పిల్లలకు తలంట్లు పోయాలి. ఒక బీహారు ఆమె మాత్రం ఏం జరుగుతున్నదో సగమే తెలిసినా "బైఠో నా దీదీ, బైఠో" అంటూ గట్టు మీద చతికిలబడింది. ఆమెను చూసి ఇద్దరు, వాళ్ళను చూసి నలుగురు. ముత్యమ్మ ఆఖరుకు బుట్ట బోర్లించి దాని మీద కూర్చుంది, గొణుగుతూనే.

ఎండ పొడ గుమ్మడి ఆకుల మీద పడింది. పెట్టెల సందుల్లోంచి ఈగలు దారాలు వదిలినట్టు బయటికి వచ్చాయి. వనజ చూపిస్తుంటే ఆడవాళ్ళు మెడలు చాచి చూశారు. ఒక ఈగ ఉత్త పువ్వులోకి పోయింది, లోపల గిర్రున తిరిగింది, బయటికి వచ్చేసరికి పసుపు రాసుకున్న పెళ్ళికూతురులా ఉంది. అదే ఈగ పక్కనున్న పిందె పువ్వులోకి దూరింది. "పోయింది, పోయింది" అన్నారు ఎవరో. ఇంకోటి, మరోటి. అంతవరకూ గొణిగిన ముత్యమ్మే "అగో, ఆ మూల పువ్వులకు ఒక్కటి పోతలేదు సూడు, నీ ఈగలకు చెప్పరాదు" అని వనజను పురమాయించింది. ఆ మాటకు నవ్వులు. వనజ మాత్రం నవ్వలేదు. ఆనాటి గుర్తుగా తెల్ల దారాలు కట్టుకుంటూ పోయింది. ఈగల సందడి తగ్గి, పూల రేకులు ముడుచుకోవడం మొదలయ్యాక ఎంకమ్మ లేచి తన చేతులతోనే కోసి అందరి ఒళ్ళో పోసింది. చిట్కుల్‌లో ఆ సాయంత్రం గౌరమ్మలన్నీ కాస్త వాడిన ముఖంతోనే కూర్చున్నాయి. పాటకు ఏమీ తక్కువ కాలేదు.

అయితే దసరా తెల్లారే. తెల్ల దారం పిందె నిలిచేదీ లేనిదీ తెలియడానికి ఇంకా సమయం కావాలి. మొగులయ్య దసరా పొద్దున ట్రాలీ ఆటోతో సహా చేనుకు వచ్చాడు.

"మాట అంటే మాట. ఆ నీలం దారాలయి అమ్మ దయతోని నిలవడ్డయి, నీ ఈగలతోని కాదు. పెట్టెలు ఎత్తు."

వనజ బతిమాలేలోపే ఎంకమ్మ పెట్టెలకు అడ్డం వచ్చి నిలబడింది. "ఎత్తనియ్య" అంది.

"నీకేం దెల్సు ఈగల సంగతి?"

"ఈగల సంగతి నాకు తెల్వది. పువ్వుల సంగతి నీకు తెల్వది. గొడ్డు పూత తీస్తె బలం పిందెకు పోతదని రెండేండ్ల సంది చెప్పినోనివి నువ్వే గదా. పోయిందా బలం? పండుగపూట నన్ను పరేషాన్ చెయ్యకు, ఇంటికి పో."

ట్రాలీ ఖాళీగా వెళ్ళిపోయింది.

తెల్లారి లక్ష్మీప్రసన్న ఫోన్ చేసింది. పేరు ఇప్పుడే చెప్పాలంది, నాలుగు రోజులు ఆగడం కుదరదంది. వనజ ఫోన్ చెవికి పెట్టుకునే సునీల్‌కుమార్ వైపు చూసింది. అతను చెప్పుల పట్టీ బిగిస్తున్నవాడు ఆగిపోయాడు. లైను మీద నిలబడితే నెల తిరిగేసరికి జీతం. ఇక్కడ నిలబడితే ఏముందో ఇంకా ఎవరికీ తెలియదు. భయమేసింది ఆమెకు. నిజంగానే భయమేసింది. కానీ పిందెలు నిలిచాయా లేదా అన్న సంగతి తాను లైను మీద ఉండగా ఇంకెవరో చూస్తారన్న తలపు అంతకన్నా భరించలేనిదిగా ఉంది.

"వద్దు మేడమ్" అంది. "తెల్ల దారం ఏమైతదో సూడాలె."

"ఏం దారం?"

"అదే... పెద్ద కథ మేడమ్. మీరు వేరే ఎవలిదన్న రాసుకోండ్రి."

సునీల్‌కుమార్ పట్టీ బిగించి లేచాడు. "నిలవకుంటె?" అన్నాడు.

"ఎందుకు నిలవలేదో సూస్త."

అతను తల అడ్డంగా ఊపి, డబ్బా తీసుకుని డ్యూటీకి పోయాడు. గడప దాటాక అతను నవ్వుకోవడం ఆమెకు వినిపించింది.

నిలిచాయి. అన్నీ కాదు, వానకు కొన్ని పోయాయి. తెల్ల దారాలూ, ఆ తర్వాత దారాలే కట్టని పిందెలూ ఆకుల చాటున వరసగా బొద్దుగా కూర్చున్నాయి. మొగులయ్య వనజను ఒక్క మాట మెచ్చుకోలేదు. ఆయన తత్వం అది. కానీ యాదన్న బీర తోటకు పెట్టెలు కావాలని వచ్చినప్పుడు "మా ఈగలు ఇప్పుడే ఇయ్యం, మాయి అయినంక సూద్దాం" అని ఆయనే జవాబు చెప్పాడు. మా ఈగలు అన్న మాట విని వనజ పెట్టె చాటున నోరు మూసుకుని నవ్వింది.

దీపావళికి ముందు ఒక పొద్దున ఆమె పెట్టెల మూతలు తీసి లోపలి చట్రాలు చూసుకుంటోంది. ముత్యమ్మ బుట్టతో వచ్చింది. చౌరస్తాలో ఎవరో పూజకు గుమ్మడి పువ్వు అడిగారట.

"ఎంకమ్మక్కా, పది పూలు తెంపుకుంట. నీ కాయలకేం కాదు, గొడ్డు పూతే గద."

గట్టు మీద గడ్డి పీకుతున్న ఎంకమ్మ లేచి నిలబడింది. వయసు మీద పడ్డ మనిషి, నడుము నిటారుగా పెట్టడానికి ఆమెకు కొంచెంసేపు పట్టింది.

"ఏమన్నవ్?"

"ఏమన్న? గొడ్డు పూత అన్న. అందరం అననే అంటం."

"ఆ మాట అన్నోళ్ళకు నా చేన్ల పువ్వు లేదు" అంది ఎంకమ్మ. "పో."

ముత్యమ్మ బుట్ట పట్టుకుని అలాగే నిలబడిపోయింది. పువ్వు అడిగిన మనిషికి ఎంకమ్మ లేదనడం వనజ వినడం అదే మొదలు.